కొమ్ము చక్రాలు, సైకిల్ స్పోకులు: పర్లాకిమిడి బుల్లి ఇంజన్ డైరీ

దసరా తర్వాత

ఏ ఇంజన్‌కు బుల్లి మోడల్ చేస్తున్నానో ముందు చెప్పేస్తాను. నౌపడా నుంచి గుణుపురం దాకా నడిచిన మా చిన్న లైను బొగ్గింజన్, పీఎల్ క్లాసు. ఆరు పెద్ద చక్రాలు, వాటిని కలిపే కడ్డీలు, వెనక నాలుగు చిన్న చక్రాల బోగీ. నీళ్లకు వెనక తగిలించే టెండర్ పెట్టె విడిగా ఉండదు, ఇంజన్ మీదే ట్యాంకు. రైల్వేవాళ్ల లెక్కలో 0-6-4 ట్యాంక్. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి వేయించిన లైను ఇది. 1900లో నౌపడా, పర్లాకిమిడి మధ్య బండి మొదలైంది, 1931కి గుణుపురం చేరింది, 2004లో బ్రాడ్‌గేజ్ కోసం మూతపడింది. శ్రీకాకుళం జిల్లాలో బయల్దేరి, గజపతి జిల్లా దాటి, రాయగడ జిల్లాలో ఆగే బండి. వేసిన రోజుల్లో ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక సరిహద్దే వచ్చి లైనుకు అడ్డం పడింది.

దీనికి రెడీమేడ్ కిట్ ఎక్కడా దొరకదు. విదేశీ చక్రాల సెట్టు తెప్పిద్దామా అంటే చక్రాల ధర కన్నా రవాణా, కస్టమ్స్ ఎక్కువ తేలుతున్నాయి. బరంపురం బొమ్మల కొట్లలో అడిగితే బ్యాటరీ మీద గుండ్రంగా తిరిగే ప్లాస్టిక్ రైలు తీసి చూపిస్తారు, పొగ కూడా వస్తుంది సార్ అంటారు. కాబట్టి కొన్నవి కొన్ని, చేయించుకున్నవి కొన్ని, ఒకదాంట్లోంచి పీకి ఇంకోదానికి తగిలించినవి ఎక్కువ.

స్కేలు సంగతి. అసలు లైను గేజ్ 762 మి.మీ., అంటే రెండున్నర అడుగులు. పట్టా లోపలి అంచు నుంచి అవతలి పట్టా లోపలి అంచుకు. మన దగ్గర కాస్తో కూస్తో దొరికే మోడల్ పట్టా హెచ్‌ఓ, అంటే 1:87 స్కేలు మోడళ్లది, దాని వెడల్పు 16.5 మి.మీ. 762ని 16.5తో భాగిస్తే 46 చిల్లర. దానికి దగ్గర్లో అందరూ వాడే స్కేలు 1:48, అంటే అసలులో నలభై ఎనిమిదో వంతు. ఆ లెక్కన పట్టాల మధ్య 15.9 ఉండాలి. అర మిల్లీమీటరు పైచిలుకు ఎక్కువ, కంటికి ఆనదు. 1:87లో చేస్తే 9 మి.మీ. పట్టా ఇంకా బాగా అతుకుతుంది గానీ, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ఇంజన్‌లో మోటారు ఇరికించడం నా చూపుకు మించిన పని.

డ్రాయింగు లేదు, ఫొటోలున్నాయి. ఎదురుగా తీసిన ఫొటోలో పట్టాల మధ్య దూరం 762 అని తెలుసు కాబట్టి మిగతా వెడల్పులన్నీ దాంతో తేలిపోతాయి. పక్క నుంచి తీసిన ఫొటోలో ఆ ఆధారం ఉండదు. ఎదురు ఫొటోలోంచి ముందు బీము ఎత్తు తీసుకుని, దాన్నే పక్క ఫొటోకి కొలబద్దగా పెట్టాను. ఏటవాలుగా తీసినవి ఎంత అందంగా ఉన్నా పనికిరావు. వచ్చిన అంకెలన్నీ 48తో భాగించి ఒక నోటుబుక్కులో ఎక్కించాను. ఇక బజారుకు వెళ్తే చేతిలో ఆ పుస్తకం, జేబులో సన్న కొలతలు తీసే వెర్నియర్. బాయిలర్ మీద ఉండే ఆవిరి గుమ్మటం, అదే స్టీమ్ డోమ్, ఉందా అని ఏ కొట్లో అడిగినా లాభం లేదు. ఎనిమిది మిల్లీమీటర్ల ఇత్తడి డొప్ప కావాలని వెతికితే పట్టీల మువ్వల్లో దొరుకుతుంది. మువ్వను మధ్యకు కోస్తే రెండు డోములు.

దీపావళి వారం

అడుగు ఫ్రేముకు అల్యూమినియం కిటికీలు చేసే కొట్లో తుక్కులోంచి అర అంగుళం చానల్ ముక్క ఏరుకున్నాను. బయట వెడల్పు 12.7 మి.మీ., గోడ మందం తీసేస్తే లోపల 10.3. ఈ అంకెలు చూసి ఎగిరి గంతేశాను. ఎందుకంటే ఎన్20 రకం గేరు మోటారు ఒక పక్క 12, ఇంకో పక్క 10 మి.మీ. ఉంటుంది. పక్కకు తిప్పి పెడితే చానల్‌లోకి కొలిచి చేసినట్టు దూరిపోయింది. పైగా చక్రాల లోపలి ముఖాల మధ్య 14.4 ఉండాలి. చానల్ పోను అటూ ఇటూ ముప్పాతిక మిల్లీమీటరు పైన ఖాళీ మిగులుతుంది. మలుపుల్లో నడిమి ఇరుసు పక్కకు జరగడానికి ఆ ఖాళీ కావాలి, లేకపోతే ఆరు చక్రాల ఇంజన్ ఇరుకు మలుపు తిరగదు.

ఇరుసులకు సైకిల్ స్పోకులు. మామూలు 14 గేజ్ స్పోకు సరిగ్గా 2 మి.మీ. ఉంటుంది, తిన్నగా ఉంటుంది, స్టెయిన్‌లెస్ రకమైతే తుప్పు పట్టదు. మెడ దగ్గర వంపు, చివర మరలు కోసేస్తే మధ్యలో కావలసినంత కడ్డీ. స్పోకు నేరుగా అల్యూమినియం కన్నంలో తిరిగితే కొన్నాళ్లకే కన్నం కోలగా అరిగిపోతుంది. మధ్యలో బుష్, అంటే ఇరుసు తిరిగే చిన్న గొట్టం ముక్క, ఉండాలి. దానికి పాత ట్రాన్సిస్టర్ ఏరియల్ విప్పాను. లాగితే పొడుగయ్యే ఆ ఏరియల్ అంతా ఒకదాంట్లో ఒకటి దూరే ఇత్తడి గొట్టాలే, పైన క్రోమ్ పూత. స్పోకు జారీ జారకుండా పట్టే గొట్టం సన్న వైపు నుంచి రెండోది. అందులోంచి ఆరు చిన్న ముక్కలు. మిగిలిన గొట్టాలు దాచాను. ఒకటి చిమ్నీకి, ఒకటి విజిల్‌కు. రేడియో మరమ్మతు కొట్టు కనబడితే ఏరియల్ వదలకండి, మోడల్ పని చేసేవాడికి అంత సరుకు ఒకచోట ఇంకెక్కడా ఉండదు.

మోటారు వేగం ఊహించి కొనకూడదు, లెక్క కట్టాలి. నా ఫొటో కొలతల్లో పెద్ద చక్రం 18 మి.మీ. దగ్గర తేలింది. చుట్టుకొలత 56.5. అసలు బండి గంటకు 20 కిలోమీటర్లు పోతే, 1:48లో నా బండి సెకనుకు 116 మి.మీ. పోవాలి. అంటే చక్రం నిమిషానికి 123 చుట్లు. మోటారు చానల్‌లో పొడవునా పడుకుంటుంది, ఇరుసు అడ్డంగా ఉంటుంది. మధ్యలో శక్తిని మళ్లించడానికి కిరీటం ఆకారంలో పళ్లున్న గేరు కావాలి. అది రథయాత్రలో కొన్న బొమ్మ కారులో దొరికింది. 24 పళ్ల గేరు, దానికి జోడీగా 8 పళ్ల చిన్న గేరు, అదే పినియన్, రెండింటి కన్నమూ 2 మి.మీ. స్పోకుకు చెయ్యి పెట్టక్కర్లేకుండా సరిపోయింది. మూడు చుట్లకు ఒక చుట్టు కాబట్టి మోటారు 369 తిరగాలి. 12 వోల్టులకు 500 తిరిగే రకం తీసుకున్నాను. మొత్తం పవర్ ఇస్తే 27 కిలోమీటర్ల లెక్క. మా చిన్న లైనుకు అదే దౌడు.

పేచీ పినియన్ దగ్గర వచ్చింది. మోటారు షాఫ్టు 3 మి.మీ., పినియన్ కన్నం 2. కన్నం పెద్దది చేద్దామా అంటే వీల్లేదు. బొమ్మల గేర్లు ఎక్కువగా 0.5 మాడ్యూల్ (పళ్ల సైజు చెప్పే అంకె). 8 పళ్ల పినియన్‌కు పళ్ల మొదలు దగ్గర వ్యాసం 2.75 మి.మీ. మూడు మిల్లీమీటర్ల కన్నం పెడితే పళ్లన్నీ విడివిడిగా చేతిలోకి వస్తాయి. కాబట్టి తగ్గాల్సింది షాఫ్టే. మోటారును చెక్క పట్టులో బిగించి, గేరుపెట్టె మూతికి గట్టిగా టేపు చుట్టి, కరెంటు ఇచ్చి తిరుగుతున్న షాఫ్టు మీద సన్న ఆకురాయి ఆనించాను. మోటారే తన షాఫ్టు తను తరుగుకుంటుంది. కాస్త తరగడం, ఆపడం, వెర్నియర్ పెట్టడం. టేపు మాత్రం వదలకూడదు. ఒక్క ఇనుప రజను లోపలికి పోయినా గేరుపెట్టె గరగరలాడుతుంది.

కార్తీకం

ఈ నెలంతా చక్రాలే.

చక్రానికి మూడు షరతులు. ఒకటి, అంచు ఆకారం. ఇష్టమొచ్చినట్టు కోస్తే పట్టా అతుకు దగ్గర ఎగిరి పడుతుంది. అమెరికా మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ వాళ్ల ఆర్‌పీ-25 చక్రాల కొలతల్లో హెచ్‌ఓకి వాడే 110 రకం పట్టుకున్నాను: మొత్తం వెడల్పు 2.8 మి.మీ., పట్టా లోపలికి దిగే అంచు లోతు 0.64, పట్టా మీద ఆనే భాగం మూడు డిగ్రీల వాలు. రెండు, చుట్టూ సమంగా ఉండాలి, వంకర పోకూడదు. మూడు, కరెంటు. ఒక పట్టా నుంచి ప్లస్, రెండో పట్టా నుంచి మైనస్ వస్తుంది. చక్రం, ఇరుసు, చక్రం అన్నీ లోహమే అయితే అక్కడికక్కడే షార్ట్. మధ్యలో ఎక్కడో కరెంటు పారని ముక్క ఒకటి పెట్టి తీరాలి.

కొన్న చక్రాల్లో ఆ ముక్క ప్లాస్టిక్. నాకు ప్లాస్టిక్ కన్నా దగ్గర్లో ఇంకోటి ఉంది. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరు. కొంగలు, నెమళ్లు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు. కొమ్ము కరెంటు పారనివ్వదు, లేత్ మీద తిరుగుతుంది, వేడి చేస్తే మెత్తబడి ఒత్తిన ఆకారానికి వస్తుంది, పాలిష్ చేస్తే నల్లగా మెరుస్తుంది. బొగ్గింజన్ చక్రం మధ్యభాగానికి ఇంతకన్నా ఏం కావాలి?

కొమ్ము మొదట్లో డొల్ల, కొస మాత్రమే గట్టి. పదిహేను మిల్లీమీటర్ల గట్టి బిళ్ల కొస దగ్గరే వస్తుంది. కొమ్ము పని చేసే పెద్దాయన ఒరియా కలిసిన తెలుగులో, "బాబూ, కొంగ ముక్కుకు దాచుకున్న ముక్కలివి" అన్నాడు, అంటూనే ఆరు కోసి ఇచ్చాడు. చిన్న పగులు ఉన్నది పనికిరాదని దీపానికి అడ్డం పెట్టి ఒక్కొక్కటీ తిప్పి చూపించాడు. మంచి కొమ్ములో వెలుగు తేనెరంగులో సమంగా పారుతుంది, పగులున్న చోట తెల్లటి గీత పడుతుంది. డ్రిల్లు పెడితే మాత్రం జుట్టు కాలిన కంపు. ఇంట్లో చేస్తే ఊరుకోరు, మేడ మీద చేశాను.

బయటి వలయం ఇత్తడి. 20 మి.మీ. కడ్డీ బరంపురంలో తూకానికి దొరికింది. లేత్ పనికి మా ఊళ్లో ధాన్యం మిల్లు షాఫ్టులు తిప్పే ఆయన దగ్గరికి వెళ్లాను. నోటుబుక్కు చూసి నవ్వాడు.

"ఏటి బాబూ, ఇది ఉంగరమా, చక్రమా?"

"చక్రమే గురువా. అంచు అర మిల్లీమీటరు పైన చూసుకో."

"అర మిల్లీ మా కాడ చెత్తలో పోద్ది" అంటూనే పనిముట్టు నూరి పెట్టుకున్నాడు.

ఆయనతో ఒక్క విషయం మొదటే ఒప్పించుకున్నాను. వలయం విడిగా, కొమ్ము బిళ్ల విడిగా కన్నం పెట్టించి తర్వాత కలపకూడదు. వలయం లోపల 15 మి.మీ. తొలిచి, వేడి నూనెలో మెత్తబడ్డ బిళ్లను అందులో ఒత్తి, చల్లారాక మళ్లీ లేత్‌కు ఎక్కించి, బయటి వాలు తిప్పడం, నడిమి 2 మి.మీ. కన్నం పెట్టడం రెండూ ఒకే పట్టులో జరగాలి. మధ్యలో చక్ (ముక్కను పట్టి ఉంచే లేత్ దవడ) విప్పితే కేంద్రం తప్పుతుంది, చక్రం ఊగుతుంది. ఆయనకు విసుగు పుట్టినా చక్ విప్పలేదు. ఆరింటిలో ఏ ఒక్కటీ వంకర లేదు. అద్దం మీద పెట్టి దొర్లిస్తే వరసగా దొర్లాయి.

కొమ్ముకు ఒక గుణం ఉంది: తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుంటుంది. వానాకాలంలో వలయంలో బిగిసిపోయేది మే నెలలో వదులైపోవచ్చు. అందుకని ఒత్తే ముందు అంచుకు ఆరాల్డైట్ రాశాను. వలయాల వెనక సన్నటి కంచు తీగ రాసుకుంటూ కరెంటు తీసుకుంటుంది. ఆ తీగ అకౌస్టిక్ గిటార్ మందపాటి స్ట్రింగు మీద చుట్టిన చుట్ట. ఫాస్ఫర్ బ్రాంజ్ అని ప్యాకెట్ మీద రాసి ఉన్నదే తీసుకోండి, స్ప్రింగులా నిలుస్తుంది.

వెనక బోగీ చక్రాలకు ఇంత హంగామా లేదు. విరిగిపోయిన హెచ్‌ఓ వ్యాగన్ల చక్రాలు పాత సెట్టులోవి ఉన్నాయి. 10.5 మి.మీ. వ్యాసం, మన స్కేలులో 504. ఫొటోకి సరిపోయాయి.

సంక్రాంతి ముందు

చక్రాలు కలిపే కడ్డీలు. బేళ్లకు చుట్టి వచ్చే ఇనుప పట్టీ అర మిల్లీమీటరు మందం. రంగు గీకేసి రెండు పొరలు టంకం పెడితే ఒక మిల్లీమీటరు కడ్డీ. అసలు ఇంజన్ కడ్డీలా చదరంగా, బరువుగా కనిపిస్తుంది.

ఈ పనిలో కిటుకంతా కన్నాల దూరంలో ఉంది. ఇరుసుల మధ్య దూరం, కడ్డీ కన్నాల మధ్య దూరం వెంట్రుక వాసి తేడా వచ్చినా చక్రాలు చుట్టుకోసారి పట్టేస్తాయి. కొలిచి వేసే కన్నాలను నమ్మలేం. ఎడమ కడ్డీ, కుడి కడ్డీ రెండూ ఒకదాని మీద ఒకటి తాత్కాలికంగా టంకం వేసి, వాటిని చానల్ పక్కకు బిగించి, మూడింటికీ కలిపి ఒకేసారి సన్న డ్రిల్లు దించాను. తర్వాత చానల్ కన్నాలు బుష్‌లకు పెద్దవి చేసుకోవచ్చు, దూరం మాత్రం మూడింటిలో ఒకటే.

చక్రానికి కడ్డీని పట్టే పిన్నులు కళ్లజోడు స్క్రూలు. ఎక్కువగా ఎం1.4, అంటే 1.4 మి.మీ. మర. కళ్లజోళ్ల కొట్లో పొట్లం ఇస్తారు. కొమ్ములో మర బాగా పడుతుంది, ప్లాస్టిక్‌లో కన్నా గట్టిగా నిలుస్తుంది. కడ్డీలో కన్నం 1.5 పెట్టాను, ఆ మాత్రం వదులు ఉండాలి.

ఇక ఎడమ పిన్ను పైన ఉంటే కుడి పిన్ను ముందుకు ఉండాలి, తొంభై డిగ్రీల తేడా. రెండూ ఒకే వరసలో ఉంటే ఒక చోట రెండు కడ్డీలూ తోయలేక ఆగిపోతాయి. తొంభయ్యే అక్కర్లేదు, ఎనభై ఎనిమిదైనా నడుస్తుంది, కానీ మూడు ఇరుసులకూ అదే ఉండాలి. టేకు చెక్క మీద ఇరుసు కూర్చునే గాడి, రెండు వైపులా పిన్నులు ఆనే మేకులు కొట్టి, మూడు జతలనూ అదే చెక్కలో ఆరనిచ్చాను. అందుకే ఈ చెక్కను కరెక్టుగా చేయడం కన్నా మార్చకుండా వాడటం ముఖ్యం.

కలిపి పట్టా మీద పెట్టి వేలితో తోస్తే ఎక్కడా తట్టలేదు. మోటారు పెట్టాక ఇలా తోయడం కుదరదు, ఎన్20 గేరుపెట్టెను చక్రం వైపు నుంచి తిప్పితే పళ్లు విరగొచ్చు. పరీక్ష ముందే కానిచ్చేయాలి.

మాఘం

బాయిలర్ కరెంటు వైరింగ్ పైపు. 20 మి.మీ. అంటే 960, ఫొటోకి అచ్చంగా అదే. ట్యాంకులకు, క్యాబ్‌కు మోడళ్లకు వాడే స్టైరీన్ ప్లాస్టిక్ షీటు ఇక్కడ దొరకదు. గడువు తీరిన బ్యాంకు కార్డులున్నాయి. ఆ కార్డుల మందం 0.76 మి.మీ., మా లైను గేజ్‌లో సరిగ్గా వెయ్యో వంతు! దీనివల్ల ఒరిగేదేం లేదు గానీ నాకు మాత్రం ఆ పూటంతా సరదాగా గడిచింది. కార్డూ పీవీసీ, పైపూ పీవీసీ కాబట్టి ప్లంబర్ల సాల్వెంట్ సిమెంటు రెండింటినీ కరిగించి ఒకటి చేస్తుంది.

ప్లాస్టిక్ ఏదో తెలియనప్పుడు అడుగున ముక్కోణంలో అంకె చూడండి. 3 పీవీసీ, 6 పాలీస్టైరీన్, ఈ రెండూ వాటి వాటి ద్రావకాలతో అతుకుతాయి. 5 ఉన్న హోటల్ పార్సిల్ డబ్బాలు ఎంత తెల్లగా, నున్నగా ఊరించినా ముట్టుకోకండి, వాటికి మామూలు జిగురేదీ పట్టదు. సీడీ పెట్టె మూత పాలీస్టైరీనే, క్యాబ్ కిటికీ అద్దాలు అందులోంచి.

చేతిపట్టు కడ్డీలకు, ఆవిరి గొట్టాలకు ఇంజెక్షన్ సూదులు. మూతి రంగును బట్టి ఎంచుకోవచ్చు. నీలం అంటే 23 గేజ్, బయట 0.64 మి.మీ., మన స్కేలులో 31. చేతిపట్టుకు సరిగ్గా అంతే కావాలి. గులాబి అంటే 18 గేజ్, 1.27, స్కేలులో 61, అది ఆవిరి గొట్టం. మందుల కొట్టు అబ్బాయి "సిరంజీలు లేకుండా వొట్టి సూదులేటికండీ?" అని అనుమానంగా చూశాడు. ఫోన్‌లో ఇంజన్ ఫొటో చూపించాల్సి వచ్చింది. కత్తెరతో కోస్తే మూతి నొక్కుకుపోతుంది. ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి విరవాలి. స్టెయిన్‌లెస్ కాబట్టి మామూలు టంకం పట్టదు, యాసిడ్ ఫ్లక్స్ కావాలి, పని అయ్యాక నీళ్లతో బాగా కడగాలి.

సూదిని వంచితే మధ్యలో నలుగుతుంది. క్యాబ్ మెట్టు పక్కన వంపు తిరిగే కడ్డీలకు గట్టి తీగే దిక్కు. 0.6 ఇత్తడి తీగ బజార్లో లేదు. కంసాలి ఆచారిగారి దగ్గరికి వెళ్తే, "ఎంత సన్నం కావాలేటి నాయనా?" అని వెర్నియర్ కేసి చూడకుండానే వరసగా కన్నాలున్న కమ్మచ్చు పలక తీసి, తీగను కుంపట్లో ఎర్రగా కాల్చి, ఒక్కో కన్నంలోంచి పటకారుతో లాగుతూ పోయారు. మధ్యలో రెండుసార్లు మళ్లీ కాల్చారు, లాగితే ఇత్తడి బిరుసెక్కుతుంది కదా. కొలిస్తే 0.61. మువ్వ డోముకు అడుగున పట్టీ కూడా వెలిగారం వేసి అక్కడే అతికేశారు. డబ్బులు తీసుకోలేదు, బండి నడిచాక తెచ్చి చూపించమన్నారు.

రివెట్లకు కూల్‌డ్రింక్ డబ్బా రేకు. దాని వెనక వైపు పాత అలారం గడియారం పళ్లచక్రాన్ని ఒత్తి దొర్లిస్తే ముందు వైపు వరసగా బుడిపెలు లేస్తాయి. కింద అట్ట పెట్టాలి, గట్టి బల్ల మీద అయితే బుడిపె లేవదు. పళ్ల దూరం ఎక్కువున్న చక్రం ట్యాంకులకు, తక్కువున్నది పొగపెట్టెకు. ఈ ఒక్క పనితో కార్డు ముక్క కాస్తా ఇనుములా కనిపించడం మొదలుపెట్టింది.

ఫాల్గుణం

బండి నడుస్తోంది. ఒట్టి ఇంజన్ చక్రాలు జారుతున్నాయి కాబట్టి ట్యాంకుల్లో వలలకు కట్టే సీసం గుళ్లు నింపాను. గోపాల్‌పూర్ దారిలో వలల కొట్లో తూకానికి ఇస్తారు. బరువంతా పెద్ద చక్రాల మీదే పడాలి, వెనక బోగీ మీద పడితే ఉపయోగం లేదు. సీసం పట్టుకున్న చేతులు కడుక్కోకుండా తిండి జోలికి వెళ్లొద్దు.

పట్టాకు ఉన్న ప్లాస్టిక్ స్లీపర్లు హెచ్‌ఓవి, మరీ చిన్నవి, మరీ దగ్గర. పట్టా ఇనుము మాత్రం ఉంచుకుని అవి తీసేసి, ఐస్‌క్రీమ్ పుల్లలు కోసి దూరం దూరంగా వేస్తున్నాను. మధ్యలో మహేంద్రతనయ ఇసుక, టీ వడకట్టులో జల్లించినది. పట్టా ఎత్తు 2.54 మి.మీ., స్కేలులో 122. చిన్న లైనుకు ఇది లావు. 1.78 ఎత్తున్న కోడ్ 70 పట్టా దొరికితే 85కి దిగుతుంది, ఆకారం అప్పుడు కుదురుతుంది.

మిగిలినవి: ముందు లైటు, దానికి టిచ్ బటన్ మగ ముక్కలో 3 మి.మీ. ఎల్‌ఈడీ సరిపోతుందేమో చూడాలి. పెట్టెల మధ్య కప్లింగు. రంగు. కోడ్ 70 పట్టా ఒక మీటరు ఎవరి దగ్గరైనా మూల పడి ఉంటే, బదులుగా కొమ్ము చక్రాలు ఒక జత చేయించి ఇస్తాను, పెద్దాయన దగ్గర కొసలు ఇంకా ఉన్నాయి.